మారుబేరం

పాతబడిన కొద్దీ ధర పెరిగే వస్తువులు లోకంలో మూడే వున్నాయని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటూండేవారు: బంగారం, భూమి, పాత చింతకాయ పచ్చడి. మిగతావన్నీ, మనుషులతో సహా, ఏడాది తిరిగేసరికి ఒక మెట్టు దిగవలసినవే. కారు మరీను. షోరూము గుమ్మం దాటి రోడ్డు మీదికి వచ్చిన క్షణానే దాని ఖరీదులో కొంత గాలిలో కలిసిపోతుందని లెక్కలు తెలిసినవారు చెబుతారు. అటువంటి కారు కూడా వెళ్ళి ఆ పచ్చడి జాడీ సరసన కూర్చున్న కాలాలు మన దేశంలో రెండు వచ్చాయి. మొదటిదాన్ని గురించి చిన్నతనంలో పెద్దల నోట విన్నాను. రెండవదానితో 2021లో నాకు స్వయంగా పని పడింది.

మొదటిది లైసెన్సుల కాలం. కలకత్తా దగ్గర ఉత్తరపారలో అంబాసిడరు, బొంబాయిలో ఫియట్టు, మద్రాసులో స్టాండర్డు హెరాల్డు. దేశం మొత్తానికీ చెప్పుకోదగ్గవి ఈ మూడు వంటిళ్ళే. ఎంత వండాలో ప్రభుత్వం చెప్పేది. వడ్డనకు కూడా 1959లో ఒక నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. కొత్త బండికి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకు కూర్చోవలసి వచ్చేది. పిల్లవాడు పుట్టిననాడు పేరు రాయిస్తే, వాడికి అక్షరాభ్యాసం అయ్యేనాటికి బండి వస్తుందని హాస్యమాడుకునేవారు. అంచేత డబ్బుండీ ఓపిక లేనివాడు, నిన్నగాక మొన్న బండి అందుకున్న అదృష్టవంతుడి దగ్గరికి వెళ్ళి, కొత్తదాని ధర మీద మరికొంత ముట్టజెప్పి దాన్ని తోలుకు వచ్చేవాడు. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీ గృహస్థు ఒకరికి అందాయి. అప్పటికీ పద్ధతి మారలేదు. ముందుగా డబ్బు కట్టి వరుసలో నిలబడ్డవారిలో కొందరు, బండి రాకముందే ఆ వరుసలోని చోటునే లాభానికి అమ్ముకున్నారు. లేని బండి కూడా ధర పలికిందన్నమాట!

రెండవ కాలానికి కారణం గోరంత సిలికాను ముక్క. 2020లో కరోనా వచ్చి లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు, ఇక కార్లెవరు కొంటారులే అని కార్ల కంపెనీలు తమకు కావలసిన చిప్పులను రద్దు చేసుకున్నాయి. ఇళ్ళల్లో కూర్చున్న జనం ఫోన్లూ, కంప్యూటర్లూ కొనడం మొదలుపెట్టారు. చిప్పులు అటు వెళ్ళిపోయాయి. తలుపులు తెరిచాక చూస్తే, బస్సెక్కడానికి భయపడినవాళ్ళందరికీ సొంత బండి కావలసి వచ్చింది. బండి తయారు చేద్దామంటే చిప్పులు లేవు. అది చాలదన్నట్లు 2021 మార్చిలో జపానులో కార్ల చిప్పులు చేసే పెద్ద కర్మాగారం ఒకటి అంటుకుంది. అమెరికాలో పాత కార్ల ధరలు 2021 జూను నాటికి ఒక్క ఏడాదిలో 45 శాతం పెరిగాయి. మన దగ్గర కొత్త బండ్లకు నెలల తరబడి, కొన్నిటికైతే ఏడాది దాకా నిరీక్షణ. ఆపైన 2020 ఏప్రిలు నుంచి వచ్చిన కొత్త కాలుష్య నిబంధనలతో కొత్త బండ్ల ధర కూడా ఒక మెట్టు ఎక్కి కూర్చుంది. కొత్తది దొరకనివాడు పాతదాని మీద పడతాడు. పాతదాని యజమాని, తనకూ కొత్తది దొరకదు కనక, దాన్ని వదలడు. కొనేవాళ్ళు పదిమంది, అమ్మేవాడు ఒక్కడు. ఆ ఒక్కడి మీసం ఎటు తిరుగుతుందో చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఆ రోజుల్లో, 2021 సెప్టెంబరులో, మా అమ్మ పెరట్లో జారి పడింది. అప్పటికి ఆమెకు డెబ్బైఎనిమిదేళ్ళు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి తుంటికీలు మార్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రాసిచ్చిన జాగ్రత్తలలో మందులకన్న ముఖ్యమైనది ఒకటి వుంది: పల్లపు ఆసనం మీద కూర్చోకూడదు. మోకాలికన్న తుంటి కిందికి దిగకూడదు. పీట, సోఫా, నవ్వారు మంచం, అన్నీ నిషిద్ధాలే.

మేముండేది కంకిపాడు. ఆసుపత్రి బెజవాడలో. వారానికి రెండుసార్లు కాలికి వ్యాయామం చేయించడానికి బందరు రోడ్డు మీద తీసుకువెళ్ళాలి. మా ఇంట్లో వున్నది 2014లో కొన్న చిన్న కారు. పాపం, దాని తప్పేమీ లేదు. మమ్మల్ని ఏడేళ్ళు మోసింది. కాని అది నేలబారు బండి. అందులో కూర్చోవడమంటే కుర్చీలో కూర్చున్నట్లు కాదు, స్నానాల గదిలో పీట మీద చతికిలబడ్డట్లు. దిండ్లు వేసి చూశాం. దిండు వేస్తే తల పైకప్పుకు తగిలింది. అద్దె కార్లు పిలిచాం. ఏ ఎత్తు బండి వస్తుందో వచ్చేదాకా తెలియదు. వచ్చినవాడు అమ్మ చేతికర్రను చూసి గడియారం చూసుకునేవాడు. ఆటోలో గతుకుల సంగతి మీకు తెలిసిందే. రెండుసార్లు వెళ్ళివచ్చాక అమ్మ, "నడక వచ్చినంత వస్తుందిలేరా, ఇంక వెళ్ళొద్దు" అన్నది. అది నొప్పితో అన్న మాట కాదు, నా మొహం చూసి అన్న మాట. అప్పుడు మా ఆవిడా నేనూ ఎత్తు ఆసనం వున్న పెద్ద బండి ఒకటి తప్పదని నిశ్చయించుకున్నాం.

కొత్త బండికి వెళితే ఏడు నెలలన్నారు. ఏడు నెలలు తుంటి ఆగదు.

అంచేత ఆటోనగరు దారి పట్టాను. జేబులో దర్జీ టేపు ఒకటి పెట్టుకున్నాను. ఇంట్లో అమ్మ సుఖంగా కూర్చుని లేవగలిగిన భోజనాల బల్ల కుర్చీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. ఏ బండి దగ్గరికి వెళ్ళినా ముందు తలుపు తీసి, నేల మీద నుంచి సీటు దాకా కొలవడం నా పని. మధ్యవర్తి ఒకాయన కాసేపు ఊరుకుని, "మేష్టారూ, ఇంజను చూసేవాళ్ళను చూశాను, రంగు చూసేవాళ్ళను చూశాను, నంబరు కూడితే ఎంత వస్తుందో చూసేవాళ్ళను కూడా చూశాను. టేపు పట్టుకుని కారు బేరానికి వచ్చినవారిని మిమ్మల్నే చూడటం" అన్నాడు.

వెనుక ఎద్దుల సంతలో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవారు. పక్కవాడికి ధర తెలియకూడదని. ఇప్పుడు తువ్వాలు పోయి చేతిఫోను వచ్చింది. ధర నోటితో చెప్పరు. ఫోనులో అంకెలు నొక్కి, అద్దం మీ వైపు తిప్పి, మీరు చూశారో లేదో వెంటనే చెరిపేస్తారు. కరోనాకు ముందు అయిదు లక్షలు పలికే బండికి ఆ అద్దం మీద ఏడు దగ్గరగా కనిపించేది. "ఇవాళ ఇది. వచ్చే వారం నేను చెప్పలేను" అనేవాడాయన. అబద్ధం కాదు, మరుసటి వారం నిజంగానే మరో ఇరవై వేలు పెరిగేది.

ఇటువంటి కాలంలో మంచి బండి చెడ్డ బండి ఒకే ధరకు వెళతాయి, చిక్కు అక్కడే. ఒక బండి మరీ మెరిసిపోతోంది. సీటు ఎత్తు పద్దెనిమిదికి పైనే. మా విద్యార్థి ఒకడు మెకానిక్కుగా స్థిరపడ్డాడు, వాణ్ణి వెంట తీసుకువెళ్ళాను. వాడు ఇంజను జోలికే పోలేదు. వెనుక సీటు బెల్టును పట్టుకుని చివరిదాకా లాగాడు. రోజూ బయటికి వచ్చే మూర బెల్టు శుభ్రంగా వుంది. ఎప్పుడూ బయటికి రాని చివరి భాగం మీద మట్టి చార! 2020 అక్టోబరులో హైదరాబాదు వరదల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం అందరం చూశాం కదా. అటువంటి స్నానమే ఎక్కడో ఒకచోట చేసి వచ్చిన బండి అది. "తివాచీలు మారుస్తారు, రంగు వేస్తారు మేష్టారూ. బెల్టు చివర కడగాలని ఎవరికీ తోచదు" అన్నాడు మా వాడు.

వాడి దగ్గర ఆ పూట నేర్చుకున్నవి మరికొన్ని వున్నాయి. టైరు పక్కన అచ్చులో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2317 అంటే 2017వ సంవత్సరం ఇరవైమూడో వారంలో పుట్టిన టైరు. బండి తక్కువ తిరిగిందని మీటరు చెబితే, బ్రేకు పెడలు మీది రబ్బరు చూడండి; మీటరును వెనక్కు తిప్పవచ్చు గాని అరిగిన రబ్బరును తిప్పలేరు. ఇంజనును చల్లగా వున్నప్పుడే మొదలుపెట్టమనాలి. నీలపు పొగ వస్తే ఆయిలు తాగుతోందన్నమాట. తెల్లపొగ దట్టంగా వచ్చి ఆగకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయన్నమాట. ఎద్దు పళ్ళు పట్టి చూసిన తాతలకు మనవలం, ఆమాత్రం చూడకపోతే ఎలా?

మూడు వారాలు తిరిగాను. మంచివి నాకు అందలేదు, అందినవి మంచివి కాలేదు.

అప్పుడు మా అక్క రాజమండ్రి నుంచి ఫోను చేసింది. "మీ బావగారి బండి ఎత్తుగానే వుంటుంది కదా. కంటి ఆపరేషనైన దగ్గరనుంచి ఆయన దాన్ని సందుల్లో తిప్పలేకపోతున్నారు. చిన్న బండయితే కూరగాయల మార్కెట్టుకూ, కోటిలింగాల రేవుకూ సరిపోతుందంటున్నారు. మీది ఇచ్చి మాది తీసుకోరాదూ?" అన్నది.

ఇంత దగ్గర పరిష్కారం వుండగా ఊరంతా టేపుతో తిరిగాడని మీరు నవ్వవచ్చు. కాని బంధువుల వస్తువును మనం అడగకూడదు, వాళ్ళే అనాలి. అన్న తరువాత కూడా అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఎందుకంటే మార్పిడి అనగానే తేడా సొమ్ము ఎంత అనే ప్రశ్న వస్తుంది.

బావగారిది 2017 నాటి బండి. ధరలు పెరగక ముందు లెక్కన దానికి అయిదు లక్షలు. మా బండికి రెండు. తేడా మూడు లక్షలు. పెరిగిన ధరల్లో వాళ్ళది ఆరున్నర, మాది రెండు లక్షల అరవై వేలు. తేడా మూడు లక్షల తొంభై వేలు. "ధర పెరిగితే రెండింటికీ పెరిగింది కదా, మార్చుకునేవాళ్ళకేం బాధ?" అని చాలామంది అంటారు. నేనూ బల్ల మీద కాగితం పెట్టుకుని లెక్క వేసేదాకా అటువంటిదేదో వినే వున్నాను. సమానమైన బండ్లు మార్చుకుంటే బాధ లేదు. కాని రెండూ ఒకే శాతం పెరిగినప్పుడు పెద్దదాని మీద ఎక్కువ రూపాయలు పెరుగుతాయి. అంచేత చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కేవాడు నష్టపోతాడు. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగేవాడు లాభపడతాడు. బొత్తిగా బండి లేనివాడు కొనబోతే వాడి సంగతి చెప్పనే అక్కరలేదు. ఉప్పెనలో మిద్దె మీద వున్నవాడికీ, గుడిసెలో వున్నవాడికీ నీరు ఒకే ఎత్తు వస్తుంది, కాని ఇద్దరూ ఒకేలా మునగరు.

తేడాలో తేడా తొంభై వేలు. మా అమ్మాయి హాస్టలుకు ఏడాదికయ్యే ఖర్చది.

బావగారు ఉదారులు. "మూడు లక్షలు ఇయ్యవోయ్, చాలు. మనలో మనకు బజారు ధరలేమిటి?" అన్నారు. అంతలో బెంగుళూరులో వుద్యోగం చేసే మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు మంచివాడు, మాట మెత్తన, లెక్క గట్టి. "మామయ్యా, మీరేమీ అనుకోవద్దు. నాన్నగారికి రెండో కంటికి కూడా ఆపరేషను వుంది. ఆ బండిని బయట అమ్మితే ఎంత వస్తుందో నేను విచారించాను. నాన్నగారు మొహమాటస్తులు, ఆయన అడగరు కనక నేను అడుగుతున్నాను" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేముంది? తండ్రి సొమ్ము కొడుకు చూడక ఎవరు చూస్తారు? నేను మా అమ్మకోసం టేపు పట్టుకుని తిరగడం లేదూ?

మా ఆవిడ అసలు మూడు లక్షల మాటకే ఒప్పుకోలేదు. "అన్నయ్యగారు ఇవాళ తగ్గిస్తారు. వచ్చే పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరో ఒకరు, బావమరిదికి బండి సగం ధరకే ఇచ్చారట అంటారు. ఆ మాట పడటానికి తొంభై వేలు చాలా తక్కువ" అన్నది. మర్నాడు అక్క ఫోను చేసి, "అమ్మ నీ ఒక్కడికే అమ్మా? ఆ తొంభై వేలు నా వంతనుకో" అన్నది. నిజమే, కాని అక్క వంతు బావగారి పెట్టెలోనుంచి రావాలి. ఇలా ఉదారులందరూ నాలుగు వైపులా నిలబడి లాగుతూంటే బేరం నడిమధ్య ఆగిపోయింది. స్వార్థపరుల మధ్య బేరం పది నిమిషాల్లో తేలుతుంది; మంచివాళ్ళ మధ్య బేరమంత కష్టం మరొకటి లేదు.

ఇదంతా పక్క గదిలో పడుకున్న అమ్మకు వినిపించకుండా మాట్లాడుకుంటున్నామని మేము అనుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం ఆమె నన్ను పిలిచి, చేతి గాజులు రెండు తీసి పక్క మీద పెట్టింది. "వీటిని అమ్మితే ఎంతొస్తుందో చూడు. నాకోసం అక్కాతమ్ముళ్ళు లెక్కలు వేసుకోవద్దు. నా కాలు ఇప్పటికి ఇంటిలోకి తెచ్చిన ఖర్చు చాలు" అన్నది. ఆ గాజులు తిరిగి ఆమె చేతికి తొడగడానికి మా ఆవిడకు అరగంట పట్టింది. తొడిగి వచ్చి కాగితం ముందు వేసుకుని కూర్చుంది.

మా ఆవిడ లెక్క ఇలా సాగింది. "మన బండిని దుకాణానికి ఇస్తే వాడు రెండు లక్షల ముప్పై కన్న ఇవ్వడు. అటువంటి పెద్ద బండిని దుకాణంలో కొంటే ఆరు లక్షల తొంభై. అంటే బయట అయితే మనకు నాలుగు లక్షల అరవై వేలు అవుతుంది. కనక మూడు తొంభై ఇచ్చినా మనకు డెబ్బై వేలు మిగిలినట్లే. వాళ్ళకూ అంతే, దుకాణానికి పోయే లాభం వాళ్ళింట్లోనే వుంటుంది. ఇక పెరిగిన ఆ తొంభై వేలు వుందే, అది వాళ్ళు కష్టపడి సంపాదించిందీ కాదు, మనం చేసిన తప్పుకు జరిమానా కాదు. ఎక్కడో జపానులో కొంప అంటుకుంటే ఇక్కడ పుట్టిన సొమ్ము. దాన్ని చెరి సగం పంచుకుందాం. మూడు లక్షల నలభైఅయిదు వేలు. ఇంతకు పైసా తక్కువకు నేను పుచ్చుకోను, ఎక్కువకు వాళ్ళను ఇవ్వనివ్వనని అన్నయ్యగారితో చెప్పండి."

బావగారు నవ్వారు. మేనల్లుడు రెండు నిమిషాలు ఆలోచించి, "అత్తయ్య లెక్క న్యాయంగానే వుంది" అన్నాడు. అక్క మాత్రం, "మరి అమ్మలో నా వంతేమైంది?" అని అడిగింది. టైర్లు నాలుగూ 2317 నాటివే, మార్చక తప్పదు. వాటి ఖర్చు అక్క వంతుగా రాసుకున్నాం. ఆమె శాంతించింది.

బేరం కుదిరింది గాని బండి కదలలేదు. కాగితాల ఘట్టం మిగిలి వుంది. "బండి తోలుకుపోవోయ్. కాగితాలు తరువాత చూసుకుందాం. మన మధ్య కాగితాలేమిటి?" అన్నారు బావగారు. ఇక్కడ మాత్రం నేను పట్టు విడవలేదు. బండి చేతులు మారినా, రవాణా శాఖ పుస్తకాల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సంగతి తేటతెల్లం చేసింది. అమ్మేసిన బండి చేతులు మారి మారి ఎక్కడో ప్రమాదం చేస్తే, పేరు మారలేదు కనక మొదటి ఆసామీయే పరిహారానికి జవాబుదారీ అన్నది. రేపు నేను బందరు రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే రాజమండ్రిలో బావగారికి నోటీసు వెళుతుంది. ఆయన నా చిన్న బండితో ఎవరినైనా గుద్దితే నాకు వస్తుంది. బంధుత్వం మీద నమ్మకం వుంది గనకనే కాగితాలు కావాలి సుమండీ!

ఈ మాట చెప్పాక బావగారు కాసేపు ఊరుకుని, "అవునులే. తాలూకా కచేరీలో ముప్పైరెండేళ్ళు కాగితం లేకుండా వచ్చినవాళ్ళను తిప్పి పంపినవాణ్ణి, నేనే ఈ మాట అనడం బాగాలేదు" అన్నారు.

మార్పిడి అంటే ఒక అమ్మకం కాదు, రెండు అమ్మకాలు. అంచేత ఫారాలు కూడా రెండు జతలు. అమ్మేవాడు 29వ నంబరు ఫారం, దాంతో కలిపి 30వ నంబరు ఫారం. అమ్మినవాడు పధ్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలియజేయాలి. రెండు బండ్లూ మన రాష్ట్రానివే కనక వేరే రాష్ట్రానికి మార్చే తతంగం తప్పింది. అయితే బావగారి బండి కాగితం మీద బ్యాంకు పేరు అలాగే వుంది. అప్పు 2020లోనే తీరిపోయింది. తీరినట్లు 35వ నంబరు ఫారం, బ్యాంకు ఉత్తరం పెట్టి ఆ పేరు కొట్టించుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దానికే మూడు వారాలు పట్టింది. పాత బండి కొనేవారు ముందుగా చూడవలసింది ఇది. బండి నంబరు కొడితే అప్పు వుందో లేదో ప్రభుత్వం వారి వాహనాల పట్టికలో కనిపిస్తుంది.

భీమా సంగతి మరొకటి. ప్రమాదాలు లేకుండా నడిపినందుకు భీమా వారు ఇచ్చే తగ్గింపు బండిది కాదు, మనిషిది. అయిదేళ్ళు ఏమీ అడగకుండా వుంటే అది యాభై శాతం దాకా వెళుతుంది. బండితో పాటు దాన్ని ఎదుటివారికి ధారపోయనక్కరలేదు. భీమా కంపెనీ దగ్గర ఉత్తరం పుచ్చుకుంటే మూడేళ్ళ లోపల మరో బండికి వాడుకోవచ్చు. బావగారి తగ్గింపు ఆయనతోనే మా చిన్న బండిలోకి వెళ్ళింది, మాది మాతో పెద్ద బండిలోకి వచ్చింది. ఇంతకాలం జాగ్రత్తగా నడిపిన మా ఇద్దరికీ దక్కిన కట్నమది.

డిసెంబరు మొదటి వారంలో రాజమండ్రి నుంచి బండి తెచ్చాను. మెకానిక్కు కుర్రవాడు టైర్లు మార్చాడు. అమ్మ వీధి అరుగు దిగి, కర్ర నాకిచ్చి, వెనక్కు తిరిగి, సీటు అంచు మీద కూర్చుని, కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి లోపలికి పెట్టుకుంది. ఎవరూ పట్టుకోలేదు. "మా అల్లుడుగారి బండి మర్యాదగా వుందిరా" అన్నది. ఫిబ్రవరి నాటికి ఆమె కర్ర పట్టుకుని రామాలయం దాకా నడిచింది.

తరువాత కాలం తిరగబడింది. చిప్పులు వచ్చాయి, నిరీక్షణలు తగ్గాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దాని పైని సెస్సు కూడా పోయింది. కొత్త బండి ధర తగ్గితే పాతదాని ధర నిలబడుతుందా? అదీ దిగింది. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారులు తమ లాభం మీద 18 శాతం పన్ను కట్టాలని అంతకు ముందే, 2024 డిసెంబరులో, జీఎస్టీ మండలి నిర్ణయించింది. మాలాగ ఇంటివాళ్ళు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే దానికి ఆ పన్ను వర్తించదు. ఇంటిలో మార్పిడికి ఇదొక అదనపు లాభం.

ఇప్పుడు ఎవరైనా బండి మార్చబోతూ నన్ను సలహా అడిగితే నేను చెప్పేది ఇంతే. ధరలు మండిపోతున్నప్పుడు పెద్ద బండికి ఎక్కడం అవసరమైతే తప్ప చేయకండి; అవసరమైతే మాత్రం ధర తగ్గేదాకా ఆగుతానని కూర్చోకండి. మాకు ఖర్చయిన ఆ నలభైఅయిదు వేలు తిరిగి రావని అప్పుడే తెలుసు. ఆ మూడు నెలలు పోతే అవీ తిరిగి రావు. ఎంతకు కొన్నారో దానికన్న, ఎందుకు కొంటున్నారో ముందు కాగితం మీద రాసుకోండి. మా కాగితం మీద 'పద్దెనిమిది అంగుళాలు' అని వుంది.

మొన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, సరదాకి ఇవాళ్టి ధరల్లో లెక్క వేశాను. రెండు బండ్లకూ తేడా లక్షా ఎనభై వేలే తేలింది" అన్నాడు. వంటింట్లోనుంచి ఆ మాట విన్న మా ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి ఫోను పుచ్చుకున్నది.

"అయితే నాయనా, ఆ లక్షా ఎనభై తెచ్చి మీ నాన్నగారి బండి తోలుకుపో. కాని వెళ్ళే ముందు మీ అమ్మమ్మను అడిగి వెళ్ళు."

వాడు ఇంతవరకు అడగలేదు.